మిర్-155, మిర్-146ఏ రెండూ కలిసి ఎందుకు పెరుగుతాయి?

మీ ప్రశ్నను కుదించి చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మైక్రోఆర్‌ఎన్‌ఏలు (పేర్లలో 'మిర్' అని ఉండేవి ఇవే) జన్యువులను అణచివేస్తాయని చదివారు. ఆ లెక్కన సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే సిగ్నల్ ప్రోటీన్లు, తగ్గాలి. కానీ ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా గోడలోని పదార్థం) ఇచ్చిన మాక్రోఫేజ్‌లలో, అంటే సూక్ష్మజీవులను మింగే రోగనిరోధక కణాల్లో, మిర్-155, మిర్-146ఏ రెండూ పెరిగాయి, టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 అనే సైటోకైన్లు కూడా పెరిగాయి. ఇదెలా సాధ్యం? ఈ రెండింటిలో మంచిది ఏది, చెడ్డది ఏది? ప్రాజెక్టులో దేన్ని కొలవాలి? వీటిని మందుగా వాడలేమా?

ముందు పొట్టి జవాబు. మిర్-146ఏ సిగ్నల్‌ను మోసుకెళ్లే ప్రోటీన్లను తగ్గిస్తుంది, అందువల్ల ఇన్‌ఫ్లమేషన్ తగ్గుతుంది. మిర్-155 ఆ సిగ్నల్‌కు అడ్డుపడే ప్రోటీన్లను తగ్గిస్తుంది, అందువల్ల ఇన్‌ఫ్లమేషన్ పెరుగుతుంది. రెండూ చేసేది అణచడమే, ఎవరిని అణుస్తున్నాయన్నదే తేడా. కాపలావాడి కాళ్లూ చేతులూ కట్టేస్తే దొంగకు తలుపు తీసినట్టే కదా, మిర్-155 చేసే పని అలాంటిది. ఇక రెండూ కలిసి పెరగడానికి కారణం, రెండింటినీ లేపేది ఒకటే, జన్యువులను తెరిచే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే ప్రోటీన్. కాకపోతే రెండూ ఒకే వేగంతో లేవవు. మీరు ఒకే టైమ్ పాయింట్ దగ్గర కొలిచి ఉంటే ఆ సంగతి మీకు కనిపించే అవకాశం లేదు.

(ఇన్‌ఫ్లమేషన్ అంటే గాయానికో సూక్ష్మజీవికో శరీరం ఇచ్చే రక్షణ స్పందన. ఇన్‌ఫ్లమేషన్ అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. వాపు అంటే కాలు వాచిన బొమ్మే మనసులోకి వస్తుంది. వాపు దాని లక్షణాల్లో ఒకటి మాత్రమే.)

ఇప్పుడు విడమరిచి చెప్తాను. మైక్రోఆర్‌ఎన్‌ఏ అంటే సుమారు 22 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క. పుట్టినప్పుడు పొడవుగానే ఉంటుంది. కేంద్రకంలో డ్రోషా అనే ఎంజైమ్ ఒకసారి, బయటికి వచ్చాక డైసర్ ఇంకోసారి కత్తిరిస్తాయి. మిగిలిన ముక్కను ఆర్గోనాట్ అనే ప్రోటీన్ పట్టుకుంటుంది. ఆ తర్వాత పనంతా ఆర్గోనాట్‌దే, మైక్రోఆర్‌ఎన్‌ఏ దానికి అడ్రస్ చూపించే చీటీ మాత్రమే. ఈ మొదటి చీటీని 1993లో ఒక మిల్లీమీటరు పొడవు పురుగులో విక్టర్ ఆంబ్రోస్ బృందం కనిపెట్టింది, అది దేనికి అతుక్కుంటుందో గ్యారీ రవ్‌కున్ బృందం చూపించింది. ఆ పనికి ఇద్దరికీ 2024లో నోబెల్ వచ్చింది. చాలా ఏళ్లపాటు ఇది పురుగుల గొడవే అనుకున్నారు. 2000లో లెట్-7 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ మనిషిలో కూడా ఉందని తేలాకే అందరూ ఇటు తిరిగారు.

చీటీ మీద అడ్రస్ ఎంత చిన్నదో ఒకసారి దగ్గరగా చూడండి. మిర్-146ఏ యు-జి-ఏ-జి-ఏ-ఏ-సి-యు-జి అని మొదలవుతుంది. ఇందులో రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం దాకా, అంటే జి-ఏ-జి-ఏ-ఏ-సి-యు అనే ఏడు అక్షరాలను సీడ్ అంటారు. ఏదైనా మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు) తోక భాగంలో, ప్రోటీన్‌గా మారని ఆ చివరి భాగంలో, ఏ-జి-యు-యు-సి-యు-సి అనే వరుస ఉంటే రెండూ జత కుదురుతాయి. ఆర్గోనాట్ అక్కడ దిగి, ప్రోటీన్ తయారీని నెమ్మదింపజేసి, ఆ మెసెంజర్ చివరనున్న ఏ-అక్షరాల తోకను కురచ చేయించి, త్వరగా నాశనమయ్యేలా చేస్తుంది. ఏడు అక్షరాల వరుసలు జన్యువుల్లో కొల్లలుగా దొరుకుతాయి. అందుకే టార్గెట్ ప్రిడిక్షన్ సాఫ్ట్‌వేర్ ఒక్కో మైక్రోఆర్‌ఎన్‌ఏకు వందల పేర్లు ఇస్తుంది. ఆ జాబితాను రిపోర్టులో యథాతథంగా అతికించకండి. అందులో మీ కణంలో అసలు తయారుకాని జన్యువులు కూడా ఉంటాయి.

పనిలో పనిగా ఇంకో మాట. మిర్-146బి అని వేరే క్రోమోజోమ్ మీద ఇంకోటి ఉంది. సీడ్ అచ్చంగా ఇదే, తోక దగ్గర రెండు అక్షరాలే తేడా. మీ ప్రైమర్లు (కొలిచేటప్పుడు టార్గెట్‌ను పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) ఆ రెండు అక్షరాలను గుర్తుపడతాయో లేదో కిట్ కాగితంలో చూసుకోండి.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది తర్వాతి విషయంలో. మైక్రోఆర్‌ఎన్‌ఏ జన్యువును 'ఆపేస్తుంది' అని అందరూ రాస్తారు. ఆపదు. 2008లో రెండు బృందాలు విడివిడిగా వేల ప్రోటీన్లను కొలిచి చూశాయి. ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ ప్రభావంతో చాలా ప్రోటీన్లు సగానికి కూడా తగ్గలేదు. మూడోవంతు తగ్గితే బాగా తగ్గినట్టే లెక్క. మరి ఇంత చిన్న తగ్గుదలతో ఎలుకకు కీళ్లవాతం రావడమో రాకుండా పోవడమో ఎలా జరుగుతుంది? రోగనిరోధక సిగ్నల్ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోయే గొలుసు కాబట్టి. చిలికి చిలికి గాలివాన అయ్యే చోట మొదట చిలికేదాన్ని పాతిక శాతం తగ్గించినా చివర్లో తేడా పెద్దగా కనిపిస్తుంది. మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఎక్కువగా పట్టుకునేది గొలుసు మధ్యలో ఉన్న కొక్కేలను. చివర్న బయటికొచ్చే టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లను నేరుగా పట్టుకునే సందర్భాలు తక్కువ.

ఆ గొలుసు ఇలా ఉంటుంది. బ్యాక్టీరియా గోడలోని ఎల్‌పీఎస్, మన కణం మీద దాన్ని పసిగట్టే టీఎల్‌ఆర్-4 కు తగులుతుంది. లోపల మైడీ-88 అనే అడాప్టర్ వచ్చి ఐరాక్ ప్రోటీన్లను పోగు చేస్తుంది, అవి ట్రాఫ్-6 ను లేపుతాయి, అక్కడి నుంచి సిగ్నల్ ఐకేకే అనే కైనేజ్‌కు (ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) చేరుతుంది, అది ఎన్‌ఎఫ్-కప్పా-బి కి వేసి ఉన్న సంకెళ్లు విప్పుతుంది. విడుదలైన ఎన్‌ఎఫ్-కప్పా-బి కేంద్రకంలోకి వెళ్లి టీఎన్‌ఎఫ్, ఐఎల్-6, ఐఎల్-1 బీటా లాంటి జన్యువులను తెరుస్తుంది. అదే చేత్తో మిర్-155, మిర్-146ఏ జన్యువులను కూడా తెరుస్తుంది. అంటే మంట పెట్టే చెయ్యే దాన్ని ఎగదోసేవాడినీ, నీళ్లు చల్లేవాడినీ ఇద్దరినీ పిలుస్తోంది.

నీళ్లు చల్లేవాడి సంగతి 2006లో తెలిసింది. డేవిడ్ బాల్టిమోర్ ల్యాబులో టగానోవ్, బోల్డిన్ తదితరులు టీహెచ్‌పీ-1 అనే మనిషి మోనోసైట్ కణాలకు ఎల్‌పీఎస్ ఇచ్చి 200 మైక్రోఆర్‌ఎన్‌ఏలను కొలిచారు. లేచినవి కొన్నే: మిర్-146, మిర్-155, మిర్-132. మిర్-146ఏ ని లేపేది ఎన్‌ఎఫ్-కప్పా-బి అని, అది తగ్గించేది ఐరాక్-1, ట్రాఫ్-6 లను అని చూపించారు. పై గొలుసులో ఈ రెండూ ఎక్కడున్నాయో ఇంకోసారి చూడండి. ఎన్‌ఎఫ్-కప్పా-బి కి పైన. అంటే ఎన్‌ఎఫ్-కప్పా-బి తనకు సిగ్నల్ తెచ్చిన దారినే తాను సన్నం చేసుకుంటోంది. అసలు ఎన్‌ఎఫ్-కప్పా-బి ని 1986లో కనిపెట్టింది కూడా ఇదే బాల్టిమోర్ ల్యాబు, రంజన్ సేన్‌తో కలిసి. ఇరవై ఏళ్ల తర్వాత దాని కళ్లెం కూడా అక్కడే దొరికింది.

ఈ కళ్లెం తీసేస్తే ఏమవుతుందో 2011లో ఎలుకల్లో చూశారు. మిర్-146ఏ లేని ఎలుకలు పుట్టినప్పుడు మామూలుగానే ఉంటాయి. ఎల్‌పీఎస్ ఇస్తే మాత్రం మామూలు ఎలుకలు తట్టుకునే మోతాదుకే కుప్పకూలతాయి. వయసు పెరిగేకొద్దీ ప్లీహం ఉబ్బుతుంది, ఒంటి మీదే ఒళ్లు తిరగబడే ఆటోఇమ్యూనిటీ మొదలవుతుంది, మైలాయిడ్ కణాలు (మోనోసైట్లు, న్యూట్రోఫిల్స్ లాంటి తెల్లకణాల వంశం) అదుపు తప్పి పెరుగుతాయి, ముసలితనంలో కణుతులు వస్తాయి. ఎన్‌ఎఫ్-కప్పా-బి లోని పీ-50 భాగాన్ని కూడా తీసేస్తే ఆ మైలాయిడ్ తెగులు చాలావరకు సర్దుకుంటుంది. మొదట్లో నేను 'ఏడక్షరాల జత ఇంత చేస్తుందా' అని నమ్మలేదు. ఈ పీ-50 ప్రయోగం చదివాకే నమ్మాను.

ఇప్పుడు మిర్-155. దీని జన్యువుకు చాలాకాలం బిక్ అనే పేరుండేది. కోళ్లలో లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) తెచ్చే వైరస్ పదేపదే వెళ్లి దూరే చోటుగా 1980ల చివర్లోనే దొరికింది. కానీ ఆ జన్యువు నుంచి ప్రోటీన్ ఏదీ రాదు. ప్రోటీన్ రాని జన్యువుతో క్యాన్సర్ ఎలా వస్తుందో ఎవరికీ అంతుపట్టలేదు. ఆ పొడవాటి ఆర్‌ఎన్‌ఏలో ఈ చిన్న ముక్క దాక్కుని ఉందని తర్వాత తెలిసింది.

మిర్-155 తగ్గించే ప్రోటీన్లలో ముఖ్యమైనవి షిప్-1, సాక్స్-1. షిప్-1 ఒక ఫాస్ఫటేజ్, అంటే ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైమ్, పీఐ-3 కైనేజ్ దారిలో వచ్చే సిగ్నల్‌ను చెరిపేస్తుంటుంది. సాక్స్-1 అయితే పేరులోనే ఉంది, సైటోకైన్ సిగ్నల్‌ను నొక్కేది. ఇవి రెండూ బ్రేకులు. వీటిని తగ్గిస్తే బండి వేగం పెరుగుతుంది. 2007లో మిర్-155 లేని ఎలుకలను తయారు చేసి చూస్తే వాటి రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిని ఉంది. టీకా వేసినా సాల్మొనెల్లా నుంచి రక్షణ రాలేదు, యాంటీబాడీలు సరిగా రాలేదు. తర్వాతి ప్రయోగాల్లో అలాంటి ఎలుకలకే కొలాజెన్‌తో కీళ్లవాతం తెప్పించాలని చూస్తే రాలేదు. మరోవైపు బి కణాల్లో మిర్-155 ని అతిగా తయారుచేయిస్తే ఎలుకలకు లుకేమియా, లింఫోమా వచ్చాయి.

మంచిదా చెడ్డదా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. మిర్-155 లేకపోతే ఇన్‌ఫెక్షన్‌కు లొంగిపోతాం, ఎక్కువైతే మన కీళ్లను మనమే తింటాం. మంచి చెడ్డ అనే లేబుళ్లు వీటికి అతకవు. పరీక్షలో 'ప్రో-ఇన్‌ఫ్లమేటరీ' అని రాయమంటే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు.

ఇక టైమింగ్. ఒక డిష్‌లో మాక్రోఫేజ్‌లు పెట్టి ఎల్‌పీఎస్ వేసి, గంటగంటకూ కొన్ని కణాలు తీసి కొలుస్తున్నారనుకోండి. టీఎన్‌ఎఫ్ మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మొదటి గంటలోనే నిట్టనిలువుగా లేస్తుంది, కొన్ని గంటలు గడిచేసరికి దిగడం మొదలవుతుంది. ఐఎల్-6 దానికంటే కాస్త వెనక వస్తుంది. మిర్-155 మొదటి కొన్ని గంటల్లోనే చురుగ్గా ఎక్కుతుంది. మిర్-146ఏ నింపాదిగా బయల్దేరుతుంది. నాలుగు గంటల దగ్గర చూస్తే పెద్దగా ఏమీ లేదనిపిస్తుంది, 24 గంటల దగ్గర కూడా ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. కాబట్టి తొలి గంటల్లో బ్రేకులు సడలించేవాడిది పైచేయి, తర్వాత కళ్లెం బిగించేవాడిది. 2017లో బాల్టిమోర్ బృందమే ఎలుక మాక్రోఫేజ్‌లలో ఈ రెండింటినీ కలిపి చూసి సరిగ్గా ఇదే చెప్పింది: మిర్-155 త్వరగా వచ్చి సిగ్నల్‌ను పెంచుతుంది, మిర్-146ఏ మెల్లగా పోగై దాన్ని దించుతుంది. శరీరం దృష్టితో ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. బ్యాక్టీరియా లోపలికి వచ్చిన మొదటి గంటల్లో తటపటాయిస్తే ప్రాణం మీదికి వస్తుంది. రెండో రోజు కూడా అదే ఊపులో కొడుతూ ఉంటే మన కణాలే మిగలవు.

పక్కనే ఇంకో చక్కటి ఏర్పాటు ఉంది. కాసేపటికి మాక్రోఫేజ్‌లు ఐఎల్-10 అనే శాంతపరిచే సైటోకైన్‌ను విడుదల చేస్తాయి. 2010లో చూపించినదేమంటే, ఐఎల్-10 స్టాట్-3 అనే ప్రోటీన్ ద్వారా మిర్-155 పెరుగుదలను అణుస్తుంది, దాంతో షిప్-1 మళ్లీ తలెత్తుతుంది. మిర్-146ఏ, మిర్-21 జోలికి మాత్రం పోదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసి బ్రేకులను వాటి మానాన వదిలేసినట్టు. అదే ఏడాది మిర్-21 సంగతీ తేలింది. అది పీడీసీడీ-4 అనే ప్రోటీన్‌ను తగ్గిస్తుంది, దానివల్ల ఎన్‌ఎఫ్-కప్పా-బి నెమ్మదించి ఐఎల్-10 పెరుగుతుంది. అంటే ఐఎల్-10 వచ్చేలా మిర్-21 తోడ్పడుతుంది, వచ్చిన ఐఎల్-10 మిర్-155 ను దించుతుంది. ఈ బొమ్మను మీరే ఒకసారి కాగితం మీద బాణాలతో గీసుకోండి, మొదటిసారి తప్పు గీస్తారు, పర్వాలేదు.

రెండోసారి ఎల్‌పీఎస్ ఇచ్చినప్పుడు కణాలు పెద్దగా స్పందించవు, దాన్ని ఎండోటాక్సిన్ టాలరెన్స్ అంటారు. మొదటి విడతలో పోగైన మిర్-146ఏ అప్పటికే ఐరాక్-1, ట్రాఫ్-6 లను తగ్గించి ఉంచడం అందుకు ఒక కారణం. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లల పేగు గోడలో కూడా మిర్-146ఏ ఇదే పని చేస్తుంది. పేగులోకి కొత్తగా చేరే బ్యాక్టీరియాను చూసి గోడ బెంబేలెత్తకుండా ఐరాక్-1 ను తగ్గించి పెడుతుంది.

అలాగైతే సైటోకైన్ల మెసెంజర్లను నేరుగా ఎవరు అదుపు చేస్తారు అని మీకు రావాల్సిన అనుమానం. ఎక్కువ భాగం ప్రోటీన్లు. టీఎన్‌ఎఫ్ మెసెంజర్ తోకలో ఏ-యు అక్షరాలు దట్టంగా ఉండే ముక్క ఒకటుంది. ట్రిస్టెట్రాప్రోలిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని మెసెంజర్‌ను నాశనం చేయిస్తుంది. ఈ ప్రోటీన్ లేని ఎలుకలు చిక్కి శల్యమై కీళ్లవాతంతో బాధపడతాయి, అదంతా టీఎన్‌ఎఫ్ ఎక్కువైనందువల్లే. టీఎన్‌ఎఫ్ జన్యువులో ఆ ఏ-యు ముక్కను మాత్రం తీసేసిన ఎలుకలకు కీళ్లవాతంతో పాటు క్రోన్స్ (పేగులో దీర్ఘకాల ఇన్‌ఫ్లమేషన్) లాంటి జబ్బు వచ్చింది. మైక్రోఆర్‌ఎన్‌ఏలు ఈ పనిలో చెయ్యి వేసే సందర్భాలు లేకపోలేదు, మిర్-16 ఆ ఏ-యు ముక్క దగ్గర తోడ్పడుతుందని 2005లోనే చెప్పారు. కానీ 'ఈ మైక్రోఆర్‌ఎన్‌ఏ టీఎన్‌ఎఫ్‌ను అణుస్తుంది' అనే వాక్యం కనిపించినప్పుడల్లా, నేరుగా మెసెంజర్ మీదనా, పైనున్న సిగ్నల్ మీదనా అని అడగడం అలవాటు చేసుకోండి. ల్యూసిఫరేజ్ పరీక్షలో, అంటే వెలుగునిచ్చే ప్రోటీన్ జన్యువుకు, టీఎన్‌ఎఫ్ తోకను తగిలించి చూశారా, ఆ ఏడు అక్షరాలను మార్చితే ప్రభావం పోయిందా? అవి లేకపోతే ఆ వాక్యాన్ని నేను పరోక్షం కిందే జమ కడతాను.

ఐఎల్-6 విషయంలో నేరుగా మెసెంజర్‌నే పట్టుకోవడానికి ఒక ఉదాహరణ ఉంది. లెట్-7 దాని మెసెంజర్‌ను పట్టుకుంటుంది. 2009లో స్ట్రూల్ ల్యాబు చూపించిన కథ ఇది. రొమ్ము కణాల్లో సార్క్ అనే క్యాన్సర్ జన్యువును కాసేపు మాత్రమే లేపితే, ఎన్‌ఎఫ్-కప్పా-బి లేచి లిన్-28బి ని పెంచుతుంది, అది లెట్-7 తయారీని అడ్డుకుంటుంది, లెట్-7 తగ్గగానే ఐఎల్-6 పెరుగుతుంది, ఆ ఐఎల్-6 తిరిగి ఎన్‌ఎఫ్-కప్పా-బి ని లేపుతుంది. మొదట తట్టిన చెయ్యి తీసేశాక కూడా చక్రం తనంత తాను తిరుగుతూనే ఉంది. దీర్ఘకాల ఇన్‌ఫ్లమేషన్ క్యాన్సర్‌గా ఎలా మారుతుందో వివరించే మంచి నమూనాల్లో ఇదొకటి.

మిర్-223 దారి వేరు. ఎల్‌పీఎస్ ఇచ్చినా లేవదు, పడదు. న్యూట్రోఫిల్స్‌లో దండిగా ఉంటుంది, మోనోసైట్ మాక్రోఫేజ్‌గా మారేటప్పుడు తగ్గుతుంది. అది పట్టుకునేది ఎన్‌ఎల్‌ఆర్‌పీ-3 ని, అంటే ఐఎల్-1 బీటాను పదును పెట్టి బయటికి పంపే ఇన్‌ఫ్లమసోమ్‌ను. ఏ కణం ఎంత త్వరగా రెచ్చిపోవాలో ముందే గీత గీసి పెట్టడం దీని పని. టి కణాల్లో మిర్-181ఏ కూడా అలాంటిదే. సిగ్నల్‌ను చెరిపే ఫాస్ఫటేజ్‌లను తగ్గించి, టి కణం చిన్న స్పర్శకే స్పందించేలా చేస్తుంది.

కణాన్ని బట్టి అర్థం మారుతుందనడానికి నాకు బాగా నచ్చిన ప్రయోగం 2015 నాటిది. ఎలుక జన్యువుల్లో సాక్స్-1 తోక మీద మిర్-155 అతుక్కునే చోటును మాత్రం చెడగొట్టారు. మిర్-155 అలాగే ఉంది, సాక్స్-1 అలాగే ఉంది, వాటి మధ్య మాటలు మాత్రం బంద్. మిర్-155 చేసే పనుల్లో కొన్ని దాదాపు పూర్తిగా పోయాయి, కొన్ని సగం సగం, కొన్నింటికి ఏమీ కాలేదు. ఏ కణం, ఏ సందర్భం అన్నదాన్ని బట్టి ఫలితం మారింది. వందల టార్గెట్ల జాబితా నుంచి ఒకదాన్ని తీసి 'ఇదే కారణం' అనేవాళ్లకు ఇది చూపించాలి.

మనుషుల జబ్బుల గురించి క్లుప్తంగా. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్నవాళ్ల కీళ్లలో మిర్-155, మిర్-146ఏ రెండూ ఎక్కువగానే దొరుకుతాయి. కీళ్లలోని మాక్రోఫేజ్‌లలో మిర్-155 పెరిగి షిప్-1 తగ్గి ఉంటుంది. మరి మిర్-146ఏ కూడా ఉందిగా, తగ్గించాలి కదా? బ్రేకు వేసి ఉంది, యాక్సిలరేటర్ కూడా నొక్కి ఉంది, కాబట్టి రెండూ ఎక్కువగా కనిపించడం వింత కాదు. లూపస్ అనే ఆటోఇమ్యూన్ జబ్బులో చిత్రం వేరు, రక్తకణాల్లో మిర్-146ఏ తగ్గి ఇంటర్‌ఫెరాన్ (వైరస్‌లను ఎదుర్కొనే సైటోకైన్) సిగ్నల్ పెచ్చుమీరుతుంది. డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్లు మిర్-155 పెరుగుదలను తగ్గిస్తాయి. అందువల్ల రోగుల శాంపిళ్లు తీసుకుంటే మొదట వాళ్లు ఏ మందు మీద ఉన్నారో రాసుకోండి.

రక్తంలో కొలవాలనుకుంటే నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక చోట నుంచి మాకు ప్లాస్మా శాంపిళ్లు వచ్చాయి. రోగులవి కొన్ని, ఆరోగ్యవంతులవి కొన్ని. రోగుల ట్యూబుల్లో ఒక మైక్రోఆర్‌ఎన్‌ఏ ఎంత బాగా తగ్గిందో! మేం సంబరపడ్డాం, గ్రాఫులు గీశాం, నాలుగు నెలలు దానిమీదే గడిపాం. చివరికి ఒకరోజు మిగిలిన ట్యూబులను తెల్ల కాగితం ముందు పెట్టి చూస్తే రోగుల ప్లాస్మా లేత గులాబీ రంగులో ఉంది, మిగతావాళ్లది పసుపు. రోగుల రక్తం తీసిన చోట సన్నటి సూదితోనో, ట్యూబును గట్టిగా ఊపడంవల్లనో ఎర్రకణాలు పగిలాయి. ఎర్రకణాల నిండా మిర్-451, మిర్-16 ఉంటాయి. మేం అన్నింటినీ మిర్-16 తో భాగించి లెక్కేశాం. రోగుల్లో మిర్-16 ఉబ్బింది కాబట్టి మిగతావన్నీ తగ్గినట్టు కనిపించాయి. జబ్బును కొలుస్తున్నామనుకుని సూదిని కొలిచాం. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు ప్రతి శాంపిల్‌లో మిర్-451 కు, ఎర్రకణాల వల్ల పెద్దగా మారని మిర్-23ఏ కు మధ్య తేడా ముందు చూస్తాం, హద్దు దాటిన ట్యూబును పక్కన పెట్టేస్తాం. ప్లేట్‌లెట్లతో కూడా ఇదే తంటా, వాటిలో మిర్-223 బోలెడు. సెంట్రిఫ్యూజ్ ఒకసారి తిప్పి వదిలేస్తే అవి ప్లాస్మాలోనే మిగులుతాయి. రెండుసార్లు తిప్పండి.

మందుగా వాడలేమా అని చివర్లో అడిగారు. ప్రయత్నాలు జరిగాయి, ఇన్‌ఫ్లమేషన్ కోసం మైక్రోఆర్‌ఎన్‌ఏనే మందుగా ఇచ్చే చికిత్స మాత్రం ఇంకా వాడుకలోకి రాలేదు. చిక్కులు రెండు. ఒకటి, దాన్ని కావలసిన కణంలోకే చేర్చడం. ఒంట్లోకి ఎక్కించింది చాలావరకు లివర్, కిడ్నీ లాగేసుకుంటాయి. రెండోది ఇంకా చమత్కారం. బయటి నుంచి వచ్చిన ఆర్‌ఎన్‌ఏను వైరస్ అనుకుని మన కణాలే టీఎల్‌ఆర్-3, 7, 8 లతో పసిగడతాయి. ఇన్‌ఫ్లమేషన్ తగ్గించడానికి పంపినదే ఇన్‌ఫ్లమేషన్ రేపగలదు. క్యాన్సర్ కోసం మిర్-34ఏ నకలును లైపోసోముల్లో (చిన్న కొవ్వు బుడగల్లో) పెట్టి ఇచ్చిన ట్రయల్‌ను రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన తీవ్రమైన దుష్ప్రభావాల వల్ల 2016లో ఆపేశారు. మిర్-155 ను అడ్డుకునే కోబోమార్సెన్‌ను చర్మంలో వచ్చే టి కణాల లింఫోమాలో పరీక్షించారు, అనుమతి దాకా రాలేదు. నేను ఆసక్తిగా చూస్తున్నది ఓబెఫాజిమోడ్‌ను. ఇది మామూలు మాత్ర, ఆర్‌ఎన్‌ఏ కాదు. కణం తన మిర్-124 ను తానే ఎక్కువగా తయారుచేసుకునేలా చేస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్ అనే పెద్దపేగు జబ్బులో ఫేజ్ 3 ట్రయల్స్‌లో 8 వారాలకు మంచి ఫలితాలు వచ్చాయని 2025లో ప్రకటించారు. ఆర్‌ఎన్‌ఏను బయటి నుంచి మోసుకెళ్లే బాధ లేకపోవడం దీని బలం.

ఇక మీ ప్రాజెక్టు. ఒకే టైమ్ పాయింట్ వద్దు. 0, 2, 4, 8, 24 గంటలు పెట్టుకోండి. పరిపక్వమైన మైక్రోఆర్‌ఎన్‌ఏతో పాటు దాని పొడవాటి తొలి రూపాన్ని కూడా కొలవండి, జన్యువు ఎప్పుడు తెరుచుకుందో అదే చెప్తుంది. మెసెంజర్‌తో సరిపెట్టుకోకుండా షిప్-1, ట్రాఫ్-6, ఐరాక్-1 ప్రోటీన్లకు వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీలతో ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి) వేయండి. ఐరాక్-1 విషయంలో ఒక జాగ్రత్త: ఎల్‌పీఎస్ తగిలాక అది మైక్రోఆర్‌ఎన్‌ఏతో పని లేకుండానే వేగంగా విచ్ఛిన్నమవుతుంది. తొలి గంటల్లో అది తగ్గిందని మిర్-146ఏ ఖాతాలో రాస్తే వైవాలో దొరికిపోతారు. మిర్-146ఏ ను అడ్డుకునే ఇన్హిబిటర్ ఇచ్చిన కణాలు, ఏ జన్యువుకూ సరిపోని వరుస ఇచ్చిన కణాలు, రెండూ పక్కపక్కన పెట్టుకోండి. 24 గంటల దగ్గర ట్రాఫ్-6 లో పాతిక, ముప్పై శాతం తేడా వచ్చిందనుకోండి, ప్రయోగం పాడైందని కంగారుపడి పారేయకండి. రావలసింది అంతే.